చాందాకు ఒక గాన బృందం కావాలి

చంద్రపూర్‌లో, అంటే మన పాత చాందాలో, మే ఒకటికి మూడు చరిత్రలున్నాయి. అది కార్మిక దినం. 1960లో మహారాష్ట్ర ఏర్పడిన రోజు. 1973లో ఈ ప్రాంతపు ప్రైవేటు బొగ్గు గనులు జాతీయమైన రోజు కూడా. ఈ మూడింటి వెనుకా కష్టజీవుల చెమట ఉంది, పాట ఉంది. ఆ పాటలను ఊరంతా కలిసి పాడుకునే గాన బృందం చాందాలో నిలవాలని, అందులో తెలుగువాళ్లు ముందుండాలని మా కోరిక.

తెలుగువాళ్లే ఎందుకంటే, ఈ నేలతో మనది చుట్టపుచూపు సంబంధం కాదు. వార్ధా లోయ బొగ్గూ, ప్రాణహిత అవతలి సింగరేణి బొగ్గూ ఒకే గోండ్వానా పొరలవి. రాజురా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రపు ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేది. 1929లో కాజీపేట–బల్లార్షా రైలు మార్గం పూర్తయింది. 1945లో బల్లార్‌పూర్ కాగితం మిల్లు పుట్టింది. గనుల్లో, మిల్లులో తెలుగు, మరాఠీ, గోండీ, హిందీ ఒకే షిఫ్టులో పనిచేశాయి. పండగలకు ఎవరి పాట వారిదైనా, సమ్మెకు మాత్రం అందరి నినాదమూ ఒక్కటే.

ఆ ఐక్యత పాటల్లోనూ ఉంది. 1943లో మనకు ప్రజానాట్యమండలి వచ్చింది. షేక్ నాజర్ బుర్రకథను ప్రజల చేతికిచ్చాడు. మరుసటి ఏడాదే మరాఠీలో అమర్ షేక్, అణ్ణాభావు సాఠే, గవాణ్‌కర్‌లు లాల్ బావటా కళాపథకం కట్టారు. కార్మికుల కోసం పాడిన ఆ షాయిర్లే (కవిగాయకులే) తర్వాత సంయుక్త మహారాష్ట్ర ఉద్యమం కోసమూ పాడారు. బుర్రకథలోనైనా మరాఠీ పోవాడాలోనైనా ఒకరు కథ ఎత్తుకుంటే పక్కవాళ్లు అందుకుంటారు. శ్రమ పాట రెండు భాషల్లోనూ మొదటినుంచీ సమూహానిదే. ఆదిలాబాద్ మట్టిలో పుట్టిన గూడ అంజయ్య పాట అంతమందికి నోటికొచ్చిందంటే కారణం అదే.

ఇంకో పాయను మరచిపోకూడదు. 1956 అక్టోబరు 16న అంబేడ్కర్ ఈ ఊళ్లోనే వేలమందికి బౌద్ధ దీక్ష ఇచ్చారు. కార్మికుల కోసం 1936లో ఇండిపెండెంట్ లేబర్ పార్టీ పెట్టింది ఆయనే. అంబేడ్కర్‌ను కీర్తించే భీమ్ గీతాలు లేని కార్మిక గానం చంద్రపూర్‌లో సగం గానమే.

రికార్డింగులు ఉన్నాయి కదా, బృందం ఎందుకు అనవచ్చు. రికార్డు పాటను దాస్తుంది. పదిమంది కలిసి నేర్చుకుంటేనే అది తర్వాతి తరం నోటికి వెళుతుంది. వేల్స్ బొగ్గు లోయల్లో పుట్టిన ట్రియోర్కీ పురుషుల గాన బృందం, గనులు మూతపడ్డా ఇంకా పాడుతోంది. 1871లో పోతియే రాసిన ఇంటర్నేషనల్ గీతానికి 1888లో పియెర్ దెగైతేర్ బాణీ కట్టింది లీల్ పట్టణపు కార్మిక గాయక బృందం కోసమే. ఉద్యోగం పోతుందన్న భయంతో అచ్చులో ఇంటిపేరు మాత్రమే వేసుకున్నాడాయన. ఆ బాణీ నాదేనని సొంత తమ్ముడే వాదిస్తే, కోర్టులో 1922లో గానీ పియెర్‌కు న్యాయం దక్కలేదు. ప్రపంచమంతా పాడిన పాటకే అలా జరిగితే, పేరు రాసిపెట్టని మన గని పాటల గతి ఏమిటి?

మనకు వ్యవధి తక్కువ. భూగర్భ గనులు తగ్గి ఓపెన్‌కాస్టులు పెరిగాయి. పర్మినెంటు ఉద్యోగాలు కాంట్రాక్టు పనులయ్యాయి. ఆ పాటలు గుర్తున్నవాళ్లు ఎప్పుడో రిటైరయ్యారు. బల్లార్‌పూర్, రాజురా, ఘుగుస్ తెలుగు సంఘాలకూ, బెల్లంపల్లి, మంచిర్యాల మిత్రులకూ మా విన్నపం ఒకటే. మీ ఇంటి పెద్దల దగ్గర కూర్చోండి. పాటతోపాటు కట్టినవారి పేరు, గని, ఏడాది, సందర్భం రాసుకోండి. మరాఠీ, గోండీ ఇరుగుపొరుగును పిలిచి వాళ్ల పాట మీరు, మీ పాట వాళ్లు నేర్చుకోండి. వచ్చే మే ఒకటిన అందరూ కలిసి పాడండి. సేకరించిన పాటలను ఈ పత్రికకు పంపితే, కట్టినవారి పేరుతో సహా అచ్చువేస్తాం.