తరగతి గోడలు దాటని తెలుగు బ్రతకదు



విజ్ఞానశాస్త్రం చెప్పే అయ్యవారు పిల్లలను నక్షత్రశాలకు తీసుకొని పోతానంటే ప్రధానోపాధ్యాయులు సంతోషంగా సంతకం చేస్తారు. చరిత్ర చెప్పే వారు కోట చూపిస్తామంటే తల ఊపుతారు. తెలుగు పంతులు పిల్లలను ఊరి బయటి పొలం దాకా నడిపించుకొని పోతానంటే మాత్రం, "తెలుగుకు తిరుగుడు దేనికండీ? పుస్తకం ఉన్నది కదా!" అంటారు. మన భాష మీద మన చుట్టూ ఉన్నవారికీ, మనలో చాలామందికీ ఉన్న చిన్నచూపు అంతా ఈ ఒక్క ప్రశ్నలో ఇమిడి ఉన్నది. దీనికి సూటిగా జవాబు చెప్పనంత కాలం మనం ఎన్ని సభలు జరిపినా ఫలితం శూన్యం.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో పిల్లవాడు బడి విడిచి వీధిలోకి వస్తే అంగడి పేరు తెలుగు, బస్సు మీది ఊరి పేరు తెలుగు, గోడ మీది ప్రకటన తెలుగు. హోసూరులోనో, బళ్ళారిలోనో, బరంపురంలోనో, సోలాపురంలోనో అట్లా కాదు. ఇక్కడి బిడ్డకు రెండు తెలుగులు ఉన్నవి. ఒకటి అవ్వ నోట విన్న తెలుగు, రెండవది పుస్తకంలో అచ్చయిన తెలుగు. మొదటిదానికి బడిలో గౌరవం లేదు, రెండవదానికి వీధిలో వాడుక లేదు. ఈ రెంటినీ కలిపే వంతెన ఎవరూ వేయకపోతే ఆ బిడ్డ రెంటినీ వదలిపెడతాడు. అవ్వ మాట మోటు అనుకుంటాడు, పుస్తకం మాట పరాయిది అనుకుంటాడు. క్షేత్ర సందర్శనం, అతిథి పాఠం అనేవి ఆ వంతెనలు. తక్కిన సబ్జెక్టులకు అవి అలంకారాలైతే కావచ్చును, రాష్ట్రేతర తెలుగుకు అవి అన్నం వంటివి.

మా తమిళనాడులో 2006లో తమిళ అభ్యసన చట్టం వచ్చినది. ఒక్కొక్క తరగతినే పైకి ఎక్కుతూ 2015–16 నాటికి అది పదవ తరగతిని చేరినది. తమిళం నేర్వడం మంచిదే, ఇక్కడ బ్రతికే బిడ్డకు అది అవసరం కూడా. అయితే పరీక్షలో తెలుగు స్థానం కుంచించుకొని పోయే కొద్దీ, పరీక్షతో పని లేని ఆకర్షణ ఏదో ఒకటి తెలుగు పాఠానికి ఉండి తీరాలి. మార్కుల భయం చూపి తెలుగు చెప్పే రోజులు పోయినవి. ఇక మిగిలినది ఇష్టం ఒక్కటే. ఆ ఇష్టం నల్లబల్ల మీద మాత్రమే పుట్టదు.

ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాము. గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారి చిత్రపటానికి పూలమాల వేస్తాము. ఆయన పని చేసిన పర్లాకిమిడి ఇప్పుడు ఒడిశాలో ఉన్నది. అక్కడి బడిలో ఉపాధ్యాయులుగా ఉంటూ, కొండల మీది సవరల భాషను ఆయన ఏ పుస్తకం చూసి నేర్చుకున్నారు? చూసి నేర్వడానికి పుస్తకమే లేదు. సవర మనిషిని ఇంటికి పిలుచుకొని, అతని నోటి నుండి నేర్చుకున్నారు. సవర పిల్లలకు ఆ భాషలోనే చదువు చెప్పించారు. 1931లో ఆయన సవర భాషా గ్రంథం మద్రాసులో అచ్చయినది. అంటే అతిథిని ఇంటికి పిలవడం, మాట పుట్టిన చోటికి పోవడం అనే రెండు పనులూ ఆ మహానుభావుడు చేసి చూపినవే. ఆయన పేరు చెప్పి పిల్లలను ఎండలో నిలబెట్టి రెండు గంటలు ఉపన్యాసం వినిపిస్తున్నాము. ఆయన చేసిన పనిని మాత్రం "అనుమతి లేదు" అని ఆపుతున్నాము. ఇదేమి న్యాయం?

ఇక అడ్డంకుల సంగతి ఒక్కొక్కటిగా చూద్దాము.

అనుమతి

మా బడికి రెండు కిలోమీటర్ల లోపున ఒక పాత వీరగల్లు ఉన్నది. ఈ కృష్ణగిరి సీమలో వీరగల్లులకు కొదవ లేదు. ఎనిమిదవ తరగతి పిల్లలను అక్కడికి నడిపించుకొని పోవడానికి అనుమతి కోరుతూ ఒకసారి పై కార్యాలయానికి అర్జీ పెట్టాను. అది మూడు బల్లలు తిరిగి, "ఈ సందర్శనం ఏ పాఠానికి సంబంధించినది?" అనే ప్రశ్నతో విద్యా సంవత్సరం ముగిసే వేళకు తిరిగి వచ్చినది. అప్పటికి పిల్లలు పరీక్షలు వ్రాస్తున్నారు.

విద్యాహక్కు చట్టం (2009) 29వ విభాగం ఏమంటున్నదో ఆ బల్లల దగ్గర కూర్చున్నవారు ఒక్కసారి చదవాలి. పిల్లలు కృత్యాల ద్వారా, అన్వేషణ ద్వారా నేర్చుకోవాలని, వీలైనంత వరకు మాతృభాషలో బోధన జరగాలని ఒకే విభాగంలో ఉన్నది. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కూడా బడి చదువును బడి బయటి జీవితంతో ముడిపెట్టమనే చెప్పినది. కనుక మన అర్జీలో "విహారయాత్ర" అనే మాట వ్రాయకూడదు. పాఠం పేరు, పుట సంఖ్య, బయలుదేరే వేళ, తిరిగి వచ్చే వేళ, వెంట వచ్చే ఉపాధ్యాయుల పేర్లు, పిల్లలు తిరిగి వచ్చి వ్రాయబోయే వ్యాసం అన్నీ ఒకే కాగితం మీద ఉండాలి. జూన్‌లోనే సంవత్సరానికి సరిపడా మూడు సందర్శనాలకు కలిపి ఒకే అర్జీ పెట్టాలి. ప్రశ్న వేయడానికి సందు ఇవ్వని అర్జీ తొందరగా కదులుతుంది.

భద్రత

ఇది తేలికగా కొట్టివేయవలసిన మాట కాదు. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లోని బియాస్ నదిలో హైదరాబాదు ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకొని పోయారు. 2024 జనవరి 18న వడోదరలోని చెరువులో పడవ తిరగబడి 12 మంది పిల్లలు, ఇద్దరు ఉపాధ్యాయినులు మరణించారు. అదే సంవత్సరం డిసెంబరు 10న, మాకు పొరుగున ఉన్న ముళబాగిలు ప్రాంతపు బడి నుండి మురుడేశ్వరానికి వెళ్ళిన నలుగురు ఆడపిల్లలు సముద్రంలో మునిగిపోయారు. ఆ తల్లుల దుఃఖం ముందు ఏ వాదమూ నిలువదు.

అయితే ఈ మూడు ఘోరాలనూ గమనించండి. మూడింటిలోనూ నీరు ఉన్నది. మూడూ వినోదానికి చేసిన ప్రయాణాలే. వీటి నుండి నేర్వవలసిన పాఠం "పిల్లలను బయటికి తీయవద్దు" అన్నది కాదు. "పిల్లలతో నీటి అంచుకు పోవద్దు, లెక్క తప్పవద్దు, తగినంత మంది పెద్దలు లేకుండా కదలవద్దు" అన్నది. ప్రమాదం జరిగిన మరునాడు అందరికీ తాళం వేయడం సులభం. నియమం వ్రాయడం కష్టం. అధికారులు సులభమైన పని చేసి చేతులు దులుపుకుంటున్నారు.

మనం పాటించవలసినవి ఇవి: పది పదిహేను మంది పిల్లలకు ఒక పెద్ద తప్పక ఉండాలి. ఆడపిల్లలు ఉంటే ఉపాధ్యాయిని గానీ ఒక తల్లి గానీ వెంట రావాలి. బయలుదేరేటప్పుడు, చేరినప్పుడు, తిరుగు ముఖం పట్టేటప్పుడు, బడి చేరినప్పుడు మొత్తం నాలుగుసార్లు పేర్లు పిలవాలి. మంచినీరు, మరుగుదొడ్డి ఎక్కడ ఉన్నవో ముందురోజే మనం పోయి చూసి రావాలి. తల్లిదండ్రుల సంతకం లేని బిడ్డను తీసుకొని పోరాదు. బడికి వచ్చిన అతిథిని, ఎంతటి పెద్దమనిషి అయినా సరే, పిల్లలతో ఒంటరిగా విడువరాదు. తరగతి ఉపాధ్యాయుడు ఆసాంతం అక్కడే ఉండాలి.

డబ్బు

బస్సు కట్టించుకొంటేనే సందర్శనం అనే భ్రమ మనలను చాలా చెరిచినది. తెలుగు పాఠానికి కావలసినది చాలావరకు నడక దూరంలోనే దొరుకుతుంది. కుమ్మరి సారె, కమ్మరి కొలిమి, తిత్తి, పట్టుపురుగులు గూడు అల్లే చంద్రికలు, రాగి చేను, గులాబీ తోట ఇవన్నీ హోసూరు చుట్టుపక్కల ఉన్నవే. ఆ పని చేసేవారి నోట వచ్చే పనిముట్ల పేర్లు పిల్లల చేత వ్రాయిస్తే, ఒక పూటలో ఒక చిన్న మాండలిక పదకోశం తయారవుతుంది. సోలాపురం ఉపాధ్యాయులకు మగ్గాల ఇండ్లు ఉన్నవి. యానాం ఉపాధ్యాయులకు, 1954 వరకు సాగిన ఫ్రెంచి పాలనను చిన్ననాడు చూసిన ముసలివారు ఉన్నారు. వారు ఎల్లకాలం ఉండరు.

దూరం పోగలిగితే మంచిదే. మా ప్రాంతం వారు ఒక పగటిలో కైవారం పోయి, తెలుగులోను కన్నడంలోను కీర్తనలు చెప్పిన నారాయణ తాత స్థలం చూసి రావచ్చును. తంజావూరు వైపు వారికి తెలుగు తాటాకు ప్రతులున్న సరస్వతీ మహలు ఉన్నది. అక్కడికి దగ్గరనే మెలట్టూరులో వెంకటరామశాస్త్రిగారి తెలుగు నాటకాలను భాగవత మేళంగా ఇప్పటికీ ఆడుతున్నారు. తన భాష ఈ నేల మీద నిన్న మొన్న వచ్చి దిగినది కాదని బిడ్డ కళ్ళారా చూడడం, పది ఉపన్యాసాలకు సమానం.

"పాఠాలు మిగిలిపోతాయి"

ఈ మాట తల్లిదండ్రులు అంటారు. వారిని తప్పు పట్టను, వారి ఆందోళన నిజమైనది. అయితే అమ్మా, అయ్యా, ఒక్కటి అడుగుతాను. ఒకే పద్యాన్ని పది రోజులు కంఠస్థం చేయించినప్పుడు కాలం పోలేదా? ఒక పూట బయటికి పోయి వచ్చిన బిడ్డ స్వంత మాటలతో ఒక పుట వ్రాస్తాడు. ఆ పుటలో వాక్యనిర్మాణం ఉన్నది, పదసంపద ఉన్నది, లేఖారచన ఉన్నది. పరీక్షలో అడిగేవీ ఇవే కదా! మీ బిడ్డ స్వంతంగా ఒక పుట తెలుగు వ్రాయగలడా? ఆ ప్రశ్న మమ్మల్ని అడగండి. సందర్శనం ఎందుకని అడగవద్దు, ఎందుకు లేదని అడగండి.

అతిథి అంటే ఎవరు?

ఇక్కడ మన సంఘాల వారితో కూడా కొంచెం గట్టిగా మాట్లాడవలసి ఉన్నది. ఉగాదికి హైదరాబాదు నుండి పేరున్నవారిని పిలుస్తాము. శాలువా కప్పుతాము. ఆయన తెలుగు తీయదనాన్ని గురించి మాట్లాడి రైలెక్కి పోతారు. పిల్లలు చప్పట్లు కొడతారు, వారికి ఒక్క మాటా అందదు. ఆ ఖర్చుతో సంవత్సరం పొడుగునా నెలకొక అతిథిని మన ఊళ్ళ నుండే బడికి పిలవవచ్చును. వారికి బస్సు చార్జీ, ఒక పూట భోజనం, గౌరవంగా ఒక కుర్చీ చాలును. నాటు పాటలు పాడే అవ్వ, కోలాటం నేర్పే తాత, రిజిస్ట్రారు కార్యాలయంలో పాత తెలుగు దస్తావేజులు చదివే రాతగాడు, ఊరి వైద్యుడు వీరందరూ అతిథులే. బడి మెట్టు ఎక్కని అవ్వను నల్లబల్ల ముందు కూర్చోబెట్టి "అమ్మా, మీరు చెప్పండి" అన్న రోజున, ఆమె మనుమడికి తన ఇంటి తెలుగు మీద సిగ్గు పోతుంది.

అతిథికి ముందే ఒక చిన్న ఉత్తరం పంపండి: ఏ తరగతి, ఎంతమంది, ఎంతసేపు, ఏ విషయం. పిల్లల చేత ఐదు ప్రశ్నలు వ్రాయించి సిద్ధంగా ఉంచండి. ఇరవై నిమిషాల మాట, ఇరవై నిమిషాల ప్రశ్నలు. మరునాడు పిల్లలు కృతజ్ఞతా లేఖ వ్రాయాలి. లేఖారచన పాఠం దానితో పూర్తి అవుతుంది.

మనం అడగవలసినవి

బడి ఉన్న ఊరి పరిధిలో నడక సందర్శనానికి ప్రధానోపాధ్యాయుల అనుమతియే చాలునని అధికారులు ఒక ఉత్తర్వు ఇవ్వాలి. నియమాలు పాటించిన ఉపాధ్యాయునికి రక్షణ ఉంటుందని అందులోనే వ్రాయాలి. ఒకే తెలుగు ఉపాధ్యాయుడున్న బడిలో ఆ పూట తక్కిన తరగతులను చూసుకొనేందుకు ఏర్పాటు ఉండాలి. చట్టం 27వ విభాగం ప్రకారం జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప వేరే పనులకు ఉపాధ్యాయులను వాడరాదు. అటువంటి పనులకు మేము పోయినప్పుడు రాని "పాఠాలు మిగిలిపోతాయి" అన్న బెంగ, పిల్లలతో పొలానికి పోతామన్నప్పుడే ఎందుకు వస్తున్నదో వారే చెప్పాలి.

రాజ్యాంగం 350ఎ అధికరణం అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించమన్నది. వసతి అంటే గది, బల్ల మాత్రమే కాదు. మాట బ్రతికి ఉన్న చోటికి పోయే దారి కూడా వసతియే.

ఉత్తర్వు వచ్చేదాకా ఊరక కూర్చోనక్కర లేదు. ఈ మాసంలో ఒక నడక, ఒక అతిథి పాఠం మీ బడిలో జరిపి చూడండి. బడి ఆవరణలోని చెట్టు క్రిందికి ఒక అవ్వను పిలవడానికి ఏ పై కార్యాలయపు ముద్రా అక్కర లేదు, ప్రధానోపాధ్యాయుల ఒక్క మాట చాలును. తరగతికి ముప్పై మంది పిల్లలుంటే ఆ ఇండ్లలో ముప్పై మంది అతిథులు మన పిలుపు కోసం ఎదురుచూస్తున్నారు.