ఓ చేత్తో ప్లకార్డు... ఓ చేత్తో చాక్లెట్!

చదవడమైనా రాని అయిదేళ్ల పాప చేతిలో ఓ ప్లకార్డు... స్వలింగ సంపర్కులు చావాల్సిందేనని! అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో మేగన్ ఫెల్ప్స్ రోపర్ అలా పెరిగింది. సైనికుల అంత్యక్రియల దగ్గరా ధర్నాలు చేసే వెస్ట్‌బరో బాప్టిస్ట్ చర్చి ఆమె తాత పెట్టిందే. సభ్యుల్లో చాలామంది బంధువులే. ఇక వేరే మాట వినపడేదెలా?

నచ్చినవే చూపించి నచ్చనివి దాచేసే ఇంటర్నెట్ తీరుని ఈలై పారిసర్ 2011లో రాసిన పుస్తకంలో 'ఫిల్టర్ బబుల్' అన్నాడు. మేగన్‌ది కంప్యూటర్ అక్కర్లేని బుడగ. విచిత్రమేంటంటే, దాన్ని పగలగొట్టింది ఇంటర్నెట్టే.

2009లో చర్చి తరఫున ట్విటర్లోకి వచ్చింది. తిట్లు కొత్తేం కాదు, చిన్నప్పట్నుంచీ ధర్నాల్లో విన్నవే. జెరూసలేంలో ఉండే డేవిడ్ అబిత్‌బోల్ అనే యూదుడితోనూ మొదట గొడవే. పోనుపోనూ అతను ప్రశ్నలడగడం మొదలెట్టాడు. ఓసారి ఆమె ధర్నా దగ్గరికే మిఠాయి పట్టుకొచ్చాడు. ఆమే అతనికి వాళ్ల ఆచారానికి తగ్గ చాక్లెట్ తెచ్చింది. చేతిలో మాత్రం దేవుడికి యూదులంటే ద్వేషమన్న ప్లకార్డు!

ఏసు క్షమను గుర్తుచేసి, మరి మరణశిక్ష ఎందుకు కోరతారని అతనడిగాడు. జవాబు దొరకలేదు. ఆ ప్లకార్డు పట్టుకోవడం మానేసింది. 2012 నవంబరులో చెల్లెలు గ్రేస్‌తో కలిసి బయటికొచ్చేసింది. అమ్మానాన్నలతో మాటలు తెగిపోయాయి.

తర్వాత డేవిడ్ పిలుపు మీద లాస్ఏంజెలెస్‌లో యూదుల ఉత్సవానికి వెళ్లింది. బస, ఓ మతగురువు ఇంట్లో. మూడేళ్ల కిందట ఆమె ధర్నా చేసింది ఆయన మీదే.