పెయింట్ కింద తేమ

సువార్త పనికి పాత వ్యాను కొందామని కొన్ని సంఘాలు కానుకలు పోగుచేస్తున్నాయి. అందులో విధవరాళ్ల పది రూపాయలూ ఉన్నాయి. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకం కొంటే పేజీలన్నీ తిప్పి చూస్తాం. బండికి మాత్రం పైరంగు చూసి ప్రార్థన చేసేస్తాం!

లోపలి పడక, అరలు ప్లైవుడ్‌తో చేస్తారు. అది పల్చని చెక్క పొరల్ని జిగురుతో అతికించిన పలక. పైకప్పు అతుకు దగ్గర సీలెంట్ పగిలి వాన నీరు దిగితే పొరలు ఉబ్బి విడిపోతాయి. తడిసే చోటికి ఐ.ఎస్. 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై కావాలి. నాంపల్లిలో ఫర్నిచర్ కొన్నా అంతే, అడిగి కొనండి. పరుపు తీసి మూలలు వేలితో నొక్కండి. మెత్తగా దిగినా, ముక్కవాసన వచ్చినా బేరం ఆపండి. కొత్త సన్‌మైకా వేసి ఉంటే ఇంకా అనుమానించండి.

లేవీయకాండము 14లో ఇంటి గోడకు పొడ కనబడితే యాజకుడు ముందు ఇల్లు ఖాళీ చేయిస్తాడు, ఏడు రోజులు మూయిస్తాడు. పొడ పాకితే రాళ్లు ఊడదీసి, గోడ గీకించాకే కొత్త అడుసు. మన అమ్మకందారులు (విశ్వాసులూ ఉన్నారు) ముందు అడుసే పూస్తున్నారు. దాన్ని వ్యాపార తెలివి అనకండి, అబద్ధమనే మేము అంటాం. ఎక్కడ కారిందో చెప్పి ధర తగ్గించే తమ్ముడి దగ్గర కొనడానికి మాకు అభ్యంతరం లేదు. పైకప్పు మీద నాలుగు బిందెల నీళ్లు పోయించి, లోపల చూసి, ఆ తర్వాతే సంఘం డబ్బు లెక్కపెట్టండి.