పసుపు టీషర్టు ఆయన లేని ఫోటో

మా అమ్మ బీరువాలో ఓ కవరుంది. 2018 వేసవిలో ఇంటిల్లిపాదీ రామోజీ ఫిల్మ్ సిటీకి వెళ్లినప్పటి ఫోటోలవి. రెండొందలకు పైగా తీస్తే, ఏరి ఏరి ముప్పై ప్రింట్లు వేయించాం. ఆ ముప్పైలో నాన్న ఉన్నది ఒక్కదాంట్లోనే. మిగతావన్నీ తీసింది ఆయనే మరి!

ఆ ఒక్కటీ మాత్రం ఎంత బాగా వచ్చిందో! కెమెరా అనగానే పెళ్లిచూపుల్లో కూర్చోబెట్టినట్టు బిగుసుకుపోయే మనిషి, మా బాబు ఏం కూశాడో గానీ మనసారా నవ్వుతున్నారు. కాకపోతే ఆయన కుడిభుజానికి అడ్డంగా ఓ పసుపు టీషర్టు పెద్దమనిషి... మొక్కజొన్న కంకి కొరుక్కుంటూ!

కిందటేడు నాన్న పోయారు. పెద్దది చేయించి హాల్లో పెట్టుకుందామంటే అమ్మకు అదొక్కటే నచ్చింది. స్టూడియో అబ్బాయి కంప్యూటర్లో అటూ ఇటూ తిప్పి చూసి, ‘‘ఆయన్ని తీసేస్తే నాన్నగారి చెయ్యి నేనే గీయాలండీ, అది ఆయన చెయ్యిలా ఉండదు’’ అన్నాడు. నిజాయతీగల కుర్రాడు.

అప్పట్నుంచీ మా ఆఫీసు ఫోటోగ్రాఫర్లు కనిపిస్తే చాలు, జనంలో జనం లేని ఫోటో ఎలా తీస్తారంటూ వాళ్ల ప్రాణం తోడేశాను. ఆ విద్యే ఈ వారం మీకూ.

ఫిల్మ్ సిటీ అంటే 1,666 ఎకరాలు. అంత చోటులో ఖాళీయే దొరకదా అంటే... దొరుకుతుంది. మనకే ఓపికుండదు. అక్కడ సందర్శకుల్ని బస్సుల్లో తిప్పుతారు కదా, అందుకే జనం అలలు అలలుగా వస్తారు. బస్సు ఆగగానే అందరూ ఒక్కసారే దిగి, ఒకే మెట్ల మీద నిలబడి, ఒకే ఫోటో దిగి, మళ్లీ గబగబా ఎక్కేస్తారు. ఆ బస్సు కదిలాక, వెనకది వచ్చేలోపు కాసేపు ఆ వీధంతా మనదే. వీలున్నచోట ఒక్క బస్సు వదులుకుంటే సరి. ఖాళీ వీధిని జూనియర్ ఆర్టిస్టులతో నింపడం అక్కడికొచ్చే సినిమావాళ్ల అవస్థ. నిండిన వీధిని ఖాళీగా చూపించడం మన అవస్థ!

ఏ థీమ్ పార్కుకు వెళ్లినా ఇంతే. గేటు తీసే వేళకి అక్కడుండాలి. అందరూ ముందు కనిపించినదాని దగ్గరే ఆగిపోతారు కాబట్టి మనం నేరుగా లోపలి చివరికి నడిచి వెనక్కి రావాలి. భోజనాల వేళ, పెద్ద షో నడుస్తున్న వేళ బయట పల్చగా ఉంటుంది. అయితే ఫోటో కోసం పిల్లలకు షో మాన్పించకండి. తర్వాత వచ్చే ఫోటోల్లో వాళ్ల మొహాలు మీరే చూడాల్సి వస్తుంది.

మనం చేసే అసలు పొరపాటు వేరే ఉంది. ఏదైనా కట్టడం కనిపిస్తే మనవాళ్లను తీసుకెళ్లి దాని గోడకు ఆనించి నిలబెడతాం. మొత్తం పట్టాలని కెమెరా పట్టుకుని ఇరవై అడుగులు వెనక్కి వస్తాం. మనవాళ్లు చీమలంత, మధ్యలో ఊరు ఊరంతా! అలా కాదు. మనవాళ్లను కెమెరాకు నాలుగడుగుల దూరంలోకి పిలవండి. మీరు మోకాళ్ల మీద కూర్చోండి. దూరంగా ఉన్న జనమంతా మనవాళ్ల కాళ్ల ఎత్తుకు దిగిపోతారు, పైన గోపురమూ ఆకాశమూ మిగులుతాయి. మోకాళ్లు సహకరించని వాళ్లు మెట్లెక్కి కిందికి తీయొచ్చు. అప్పుడు వెనక కనిపించేది జనం కాదు, నేల.

ఇంకో చిత్రం వినండి. 1838లో డాగ్యుయేర్ అనే ఆయన పారిస్‌లో ఓ రద్దీ వీధిని ఫోటో తీశాడు. అప్పటి కెమెరాకు నిమిషాల తరబడి వెలుగు పడాలి. బళ్లూ, మనుషులూ కదులుతూ ఉండటంతో ఎవరూ పడలేదు. బూట్లు పాలిష్ చేయించుకుంటూ కదలకుండా నిలబడ్డ ఒకాయన మాత్రం దొరికాడు! ఇప్పటివాళ్లూ ఆ కిటుకే వాడతారు. కెమెరాను కదలకుండా పెట్టి, కాస్త ఆగుతూ పది పదిహేను ఫోటోలు తీసి, ఫోటోషాప్‌లో కలిపితే ఎక్కువ ఫోటోల్లో ఉన్నదే మిగిలి, నడిచిపోయినవాళ్లు మాయమవుతారు. కట్టడాలకు ఇది భేష్. మా బాబులాంటి వాళ్లుంటే మాత్రం వాళ్లూ మాయమే. ట్రైపాడ్ మోసుకెళ్లే ముందు అనుమతుందో లేదో కనుక్కోండి. అమెరికాలో పిల్లల దగ్గరకెళ్లి డిస్నీ చూడబోయే అమ్మానాన్నలూ, అక్కడి పార్కుల్లో 2015లోనే సెల్ఫీ స్టిక్కులు వద్దన్నారు.

‘ఇంత శ్రమెందుకు, ఫోన్లో చెరిపేస్తే పోలా’ అంటారా? 2021లో పిక్సెల్ 6తో గూగుల్ మ్యాజిక్ ఎరేజర్ వచ్చాక ఆ సరదా అందరికీ పట్టుకుంది. దూరంగా విడిగా ఉన్నవాళ్లను అది చక్కగానే తీసేస్తుంది. మనవాళ్లకు తగులుతూ ఉంటేనే చిక్కు. అడ్డున్న మనిషి వెనక ఏముందో దానికీ తెలీదు, ఊహించి పూరిస్తుంది. నాన్న ఫోటో మీద నేనూ ప్రయత్నించాను. చేతికి ఆరు వేళ్లొచ్చాయి.

మొన్న దసరా సెలవుల్లో అమ్మను తీసుకుని మళ్లీ వెళ్లాం. ‘‘అందరూ ఎక్కేశారే, బస్సు వెళ్లిపోతోందే’’ అని ఒకటే గోల. పోనీమ్మా అంటూ నిలబెట్టేశాను. దుమ్ములో మోకాళ్ల మీద కూర్చున్న నన్ను చూసి ఆవిడకు నవ్వొచ్చింది. టక్కున నొక్కేశాను. వెనక ఒక్క పురుగు లేదు! తర్వాత ఫోన్ మావారికిచ్చి నేనూ వెళ్లి అమ్మ పక్కన నిలబడ్డాను. ఈ రెండో పని మరిచిపోకండి, ఫోటోలు తీసేవాళ్లారా.

అమ్మ ఫోటో ఇప్పుడు హాల్లో ఉంది. పక్కనే నాన్నది, పసుపు టీషర్టుతో సహా. కొత్తగా వచ్చినవాళ్లు దగ్గరికెళ్లి చూసి, ‘‘పక్కనున్నది మీ బాబాయిగారా?’’ అని అడుగుతుంటారు.