పెట్టిన అన్నానికి పిల్లనడుగుతామా?

పోయిన నెల మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం. వంటింట్లో అయిదారుగురు ఆడవాళ్ళం. నేను పులిహోర కలుపుతున్నాను. మా ఆడపడుచు కూతురు విస్తరాకులు తుడుస్తోంది. దానికి 14 ఏళ్ళు. దాన్ని చూసి ఒక పెద్దావిడ, "నీకేమమ్మా, కోడల్ని వెతుక్కునే పని లేదు, ఇంట్లోనే పెంచుకుంటున్నావు" అన్నారు. అందరూ నవ్వారు. సిగ్గుతో చెప్తున్నాను, నేనూ నవ్వాను. అది మాత్రం నవ్వలేదు. చేతిలో ఆకులు అక్కడే పెట్టి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి నా దగ్గరికొచ్చి, "అత్తయ్యా, నన్ను హాస్టల్లో వేసెయ్యండి" అంది.

మా ఆడపడుచు పోయి అయిదేళ్ళయింది. వాళ్ళ నాన్న మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. దీన్నీ, దీని తమ్ముణ్ణీ మేం తెచ్చుకున్నాం. వచ్చిన కొత్తలో మా అబ్బాయిని "అన్నయ్యా" అని పిలిచేది. "తప్పమ్మా, బావా అనాలి, వరస చెడకూడదు" అని వచ్చినవాళ్ళల్లా సరిదిద్దారు. వాడే దీనికి సైకిలు నేర్పాడు. జ్వరమొస్తే రాత్రంతా తడిగుడ్డ మార్చాడు. ఇప్పుడు వాణ్ణి ఏ పేరుతోనూ పిలవదు. "ఇదిగో, నిన్నే" అంటుంది. వాడు హాల్లోకొస్తే ఇది గదిలోకి పోతుంది. ఒకే కంచంలో మామిడికాయ ముక్కకి కొట్టుకున్న పిల్లల మధ్య గోడ కట్టింది ఎవరు? మనమే, మన సరదాలే.

"మేనరికం మన ఆచారమేగా, అందులో తప్పేముంది?" అంటారు. 1955 హిందూ వివాహ చట్టం కూడా ఆచారం ఉన్నచోట ఒప్పుకుంది. నిజమే. కానీ ఆచారం సంగతి అటుంచండి, నేనడిగేది వేరు. వేరే ఊళ్ళో, తన తల్లిదండ్రుల దగ్గర పెరిగిన మేనకోడలైతే "నాకిష్టం లేదు" అని వాళ్ళమ్మ వెనక నిలబడి చెప్పగలదు. దీనికి ఆ వెనక ఎవరున్నారు? ఎవరి అన్నం తింటోందో వాళ్ళకే కాదని చెప్పాలి. ఆ ధైర్యం ఎక్కణ్ణుంచి వస్తుంది? రేపు అది తలూపినా, అది ఇష్టమో, బాకీ తీర్చడమో నాకెలా తెలుస్తుంది?

అసలు సంగతి అదే. మీరు హాస్యమాడుతున్నామనుకుంటారు. ఆ పిల్లకి వినబడేది మాత్రం లెక్క. ఇన్నేళ్ళు పెట్టాం, చదివించాం, ఇంక నువ్వు ఈ ఇంటి మనిషివైపోవాలి, అని. ఆ ముందురోజు దాకా రెండో గరిటె కూర అడిగి వేయించుకున్న పిల్ల, మర్నాటినుంచి "చాలు అత్తయ్యా" అంటోంది. ఏ తల్లికైనా ఆ "చాలు" అర్థమవుతుంది.

ఇంకో మాట. తమ్ముడికి 9 ఏళ్ళు. వాణ్ణెవరూ ఇలా అనరు. "బాగా చదువుకో, మీ మామయ్యకి పేరు తీసుకురా" అంటారు. వాడు బాకీ తీర్చడానికి ఉద్యోగం, ఇది తీర్చడానికి ఒళ్ళా?

దాన్ని హాస్టల్లో వెయ్యలేదు. మా అబ్బాయిని కూడా కూర్చోబెట్టి ఇద్దరికీ చెప్పాను. ఈ ఇంట్లో నీ పెళ్ళిమాట నీకు ఇరవై దాటి, నీ సంపాదన నీకొచ్చి, నువ్వు ఎత్తేదాకా ఎవరూ ఎత్తరు. ఎత్తితే నేనూరుకోను. "అన్నయ్యా" అంటావో, పేరుతో పిలుస్తావో నీ ఇష్టం. మా అబ్బాయి వెంటనే, "ముందు ఆ ఇదిగో మానెయ్ తల్లీ" అన్నాడు. కొంచెం నవ్వింది.

అమ్మల్లారా, అక్కల్లారా, మీ చుట్టాల్లో ఎవరింట్లోనైనా ఇలా పెరుగుతున్న ఆడపిల్ల ఉంటే ఆ వరసల హాస్యం మీ నోటితోనే ఆపండి. పక్కవాళ్ళు అంటే నవ్వకండి. ఈసారి మా వంటింట్లో ఆ మాట వస్తే, పెద్దావిడైనా సరే, గరిట కింద పెట్టి మరీ చెప్తాను: పిన్నీ, నేను కోడల్ని పెంచడం లేదు, పిల్లని పెంచుతున్నాను.