దాదీమా ‘ఎక్స్‌పైర్’ అయ్యిందా?

నంద్యాలలో ఎవరైనా ఇంతెఖాల్ అయితే ఆళ్లగడ్డ చుట్టాలకు ఖబర్ ఇప్పుడు ఫోన్‌లోనే వెళుతుంది: ‘దాదీమా ఎక్స్‌పైర్డ్. జనాజా బాద్ నమాజే జోహర్.’ ఆ మొదటి మాట చూస్తే నాకు చిరాకు. మాత్రలు, డ్రైవింగ్ లైసెన్సు, మొబైల్ రీచార్జి ఎక్స్‌పైర్ అవుతాయి. దాదీమా కూడానా?

ఇంగ్లిషు బాగా వచ్చినవాళ్లు అడ్డొస్తారు: ‘‘తప్పేం కాదు జనాబ్, డిక్షనరీలోనే ఉంది.’’ సహీ బాత్. లాటిన్‌లో దాని అసలు అర్థం ఊపిరి వదలడం. మనం ‘దమ్ తోడ్ దియా’ అన్నట్టే. కానీ ఇవాళ ఆ మాట వింటే ఊపిరి ఎవరికి గుర్తొస్తుంది? మాత్రల అట్ట మీది తారీఖే గుర్తొస్తుంది. గడువు దాటింది, ఇక పారేయొచ్చు అని.

మన మాటలు చూడండి. ఇంతెఖాల్ అంటే ఒకచోటి నుంచి మరోచోటికి మారడం. మర్హూం అంటే రహ్మత్ పొందినవాడు. మనిషి చెల్లకుండా పోయాడని ఈ రెండింటిలో ఏదీ అనదు. తెలుగులోనే రాయాలంటే ‘కాలం చేశారు’ ఉండనే ఉంది.

పిల్లలు ఈ మాటలు నేర్చుకునేది ఇలాంటి ఖబర్లలోనే. మనం రాయడం మానేస్తే వాళ్లకు మిగిలేది మాత్రల అట్ట మీది మాటే. ‘ఇంతెఖాల్ అయ్యారు’ అని టైపు చేయడానికి ఎంతసేపు పడుతుంది?