బీపీ చూసే చోట గురక గురించి కూడా అడగాలి

మా నాన్నగారి గురక మా ఇంట్లో చాలాకాలం నవ్వులాట. పెళ్లిళ్లకు వెళితే ఆయన పడుకున్న గదిలోకి ఎవరూ చేరేవారు కాదు. "ఎంత హాయిగా నిద్రపోతున్నాడో" అని పెద్దవాళ్లు మురిసిపోయేవారు. ఆ గురక మధ్యలో ఒక్కసారిగా ఆగిపోతుందని, కాసేపటికి ఉక్కిరిబిక్కిరవుతూ మళ్లీ మొదలవుతుందని అమ్మకు మాత్రమే తెలుసు. ఆ నిశ్శబ్దానికి ఆమె లేచి కూర్చునేది. ఈలోగా నాన్నగారి బీపీ మాత్ర ఒకటి రెండయింది, రెండు మూడయ్యాయి. ఉప్పు తగ్గించమన్నారు, నడవమన్నారు. రాత్రిపూట ఏం జరుగుతోందని ఆయన్ను గానీ, పక్కనే కూర్చున్న అమ్మను గానీ ఏళ్ల తరబడి ఏ డాక్టరూ అడగలేదు. చివరికి నిద్ర పరీక్ష చేయిస్తే, గంటకు 30 సార్లకు పైగా శ్వాసకు ఆటంకం కలుగుతోందని తేలింది.

దీని పేరు అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియా. గొంతు వెనుక భాగానికి చుట్టూ ఎముక ఆసరా లేదు, కండరాలే దాన్ని తెరిచి ఉంచుతాయి. నిద్రలో ఆ కండరాలు సడలుతాయి. దారి ఇరుకుగా ఉన్నవారిలో, గాలి పీల్చిన కొద్దీ అది మరింత ముడుచుకుంటుంది. నానిపోయిన కాగితపు స్ట్రాతో కొబ్బరినీళ్లు పీల్చితే జరిగేది ఇదే. శ్వాస కనీసం 10 సెకన్లు ఆగిపోవడం లేదా బాగా తగ్గిపోవడాన్ని ఒక సంఘటనగా లెక్కిస్తారు. ఇవి గంటకు 15 దాటితే మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. గంటకు 30 అంటే ఏడు గంటల నిద్రలో 210 సార్లు.

ప్రతిసారీ ధమనులపై మూడు దెబ్బలు పడతాయి. మొదటిది, రక్తంలో ఆక్సిజన్ పడిపోయి, ఊపిరి అందగానే మళ్లీ పెరగడం. ఈ ఎగుడుదిగుళ్లు హానికర ఆక్సిజన్ అణువులను, వాపు ప్రక్రియను రేకెత్తిస్తాయి. ధమని లోపలి పొర విడుదల చేసే నైట్రిక్ ఆక్సైడ్ తగ్గుతుంది. రక్తనాళం వదులుగా, సాగేలా ఉండాలంటే ఆ వాయువే కావాలి. రెండోది, ప్రమాద సంకేతం అందుకున్న మెదడు నరాల ద్వారా రక్తనాళాలను బిగించడం. దాంతో శ్వాస తిరిగి మొదలయ్యే క్షణంలో రక్తపోటు ఒక్కసారిగా ఎగస్తుంది. మూడోది, మూసుకున్న గొంతుతో గాలి పీల్చాలని పెనుగులాడటం వల్ల ఛాతీలో ఒత్తిడి బాగా పడిపోయి, గుండె గోడనూ బృహద్ధమని గోడనూ బయటికి లాగడం. ఆరోగ్యవంతుల్లో నిద్రవేళ రక్తపోటు పగటికంటే 10 నుంచి 20 శాతం తగ్గుతుంది. ధమనులకు దొరికే విశ్రాంతి అదే. ఈ రోగుల్లో చాలామందికి అది దక్కదు.

ధమని బిరుసెక్కడాన్ని కొలిచే పద్ధతి భౌతికశాస్త్రం చదివినవారికి సుపరిచితమే. గుండె కొట్టుకున్న ప్రతిసారీ ధమని గోడ వెంట ఒక అల పరుగెత్తుతుంది. గోడ ఎంత గట్టిపడితే అల అంత వేగంగా పోతుంది. బ్రెజిల్‌లోని సావో పాలో పరిశోధకులు 2007లో ఇతర జబ్బులేవీ లేని 24 మంది తీవ్ర ఆప్నియా రోగులను ఎంచుకున్నారు. కొందరికి రాత్రిపూట మాస్కు ద్వారా గాలి ఒత్తిడితో గొంతును తెరిచి ఉంచే సీప్యాప్ యంత్రం ఇచ్చారు, మిగతావారికి ఇవ్వలేదు. నాలుగు నెలల తర్వాత, యంత్రం వాడినవారిలో ఈ అల వేగమూ మెడ ధమని గోడ మందమూ తగ్గాయి. చిన్న అధ్యయనమే, కానీ ధమని కొంతైనా కోలుకోగలదని చూపింది. అంతకుముందు 2000లో, అమెరికాలోని విస్కాన్సిన్‌లో 709 మందిని నాలుగేళ్ల తర్వాత మళ్లీ పరీక్షించిన అధ్యయనం వెలువడింది. మొదట్లో గంటకు 15 లేదా అంతకంటే ఎక్కువ సంఘటనలున్నవారికి అధిక రక్తపోటు ముప్పు, ఏ ఆటంకమూ లేనివారితో పోలిస్తే దాదాపు మూడు రెట్లుగా తేలింది. బరువు, వయసు వంటి కారణాలను లెక్కలోకి తీసుకున్నాక వచ్చిన అంకె ఇది.

ఇక్కడ ఒక అభ్యంతరాన్ని దాటవేయకూడదు. 2016లో వెలువడిన 'సేవ్' అధ్యయనంలో భారత్ సహా ఏడు దేశాల నుంచి 2,717 మంది పాల్గొన్నారు. అందరికీ అప్పటికే గుండె లేదా మెదడు రక్తనాళాల జబ్బు ఉంది. సగటున 3.7 ఏళ్లు గమనించినా, సీప్యాప్ వాడకం గుండెపోటునూ పక్షవాతాన్నీ తగ్గించినట్టు తేలలేదు. పగటి మగత తగ్గింది, జీవన నాణ్యత మెరుగుపడింది, అంతే. కాబట్టి యంత్రం కొనుక్కుంటే గుండె భద్రం అని ఎవరైనా అమ్మజూపితే నమ్మకండి. అయితే ఆ అధ్యయనంలో యంత్రాన్ని సగటున రాత్రికి 3.3 గంటలే వాడారు. పైగా వారి ధమనులు అప్పటికే దెబ్బతిన్నాయి. నేను దీన్నుంచి తీసుకున్న పాఠం ఒకటే: ధమనులు పాడయ్యాక కాదు, అంతకు చాలా ముందే ఈ జబ్బును గుర్తించాలి.

గుర్తించాల్సినవారు తక్కువేం కాదు. దేశంలో జరిగిన అధ్యయనాలను కలిపి చూసిన ఢిల్లీ ఎయిమ్స్ పరిశోధకులు 2023లో ఇచ్చిన అంచనా ప్రకారం సుమారు 10.4 కోట్ల మందికి ఈ సమస్య ఉంది. వారిలో 4.7 కోట్ల మందిది మధ్యస్థ లేదా తీవ్ర స్థాయి. ఇంతమందికీ నిద్ర పరీక్షలు చేసే ప్రయోగశాలలు మనకు లేవు. కానీ మొదటి అడుగుకు ప్రయోగశాల అక్కర్లేదు. 30 ఏళ్లు దాటినవారి దగ్గరకు ఆశా కార్యకర్తలు వెళ్లి పొగాకు అలవాటు, నడుము చుట్టుకొలత, కుటుంబంలో బీపీ, షుగర్ గురించి అడిగి నమోదు చేస్తున్నారు. వాటి పక్కనే మూడు ప్రశ్నలు చేరాలి. గట్టిగా గురక పెడతారా? నిద్రలో ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా? రాత్రంతా పడుకున్నా పగలు కునికిపాట్లు వస్తున్నాయా? మూడు మందులు వాడుతున్నా బీపీ దిగనివారిని ఈ ప్రశ్నలు అడగకుండా నాలుగో మాత్ర రాయకూడదు. లావుగా లేరన్న కారణంతో వదిలేయకూడదు కూడా, దవడ చిన్నగా ఉన్న సన్నటి మనుషుల్లోనూ ఇది కనిపిస్తుంది.

రెండో ప్రశ్నకు జవాబు రోగి దగ్గర ఉండదు, ఆ సమయంలో ఆయన నిద్రలో ఉంటాడు. అది పక్కన పడుకున్నవారి దగ్గర ఉంటుంది. మా ఇంట్లో ఆ జవాబు అమ్మ దగ్గర ఏళ్లుగా సిద్ధంగా ఉంది. ప్రతిసారీ నాన్నగారి పక్క కుర్చీలో కూర్చుని, మందుల చీటీ పట్టుకుని ఇంటికి వచ్చేది. మీ ఇంట్లో అలాంటి జవాబు ఎవరి దగ్గరైనా ఉంటే, ఈసారి డాక్టరు అడిగేదాకా ఆగకండి, మీరే చెప్పండి.